గాడిద నోట మాట

ఆ శీతాకాలం సెలవుల్లో మా ఇంట్లో పదకొండు జంతువులు పుట్టాయి. వాటిని పుట్టించాల్సింది అమ్మ. కానీ సెలవులు మొదలయ్యే ముందురోజు తడిబట్టల బకెట్టుతో పెరటి మెట్టు దిగుతూ జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది.

నేను కాలేజీ హాస్టల్ నుంచి సంచీ భుజాన వేసుకుని వచ్చేసరికి అమ్మ మోచేతి దాకా పిండికట్టుతో ముందుగదిలో కూర్చుని ఉంది. ఎదురుగా మా పేట లైబ్రరీ మేడమ్. ఆవిడ ముఖంలో జాలి, అమ్మ ముఖంలో కోపం.

"ఫరవాలేదండీ, బొమ్మలు బజార్లో రెడీమేడ్‌గా దొరుకుతాయి. మీరు విశ్రాంతి తీసుకోండి," అంటోంది ఆవిడ.

"దెబ్బ తగిలింది చేతికి. నోటికి కాదుగా. పక్కనుండి చేయిస్తాను," అంది అమ్మ.

"ఎవరిచేత?"

అమ్మ గదంతా కలియజూసింది. గుమ్మంలో నేను దొరికాను. ఎనిమిదో తరగతి కుట్టుపని పరీక్షలో చేతిరుమాలుని నా పావడాకే కలిపి కుట్టేసి, టీచరమ్మ చూపించమంటే పావడాతో సహా ఎత్తి చూపించాల్సివచ్చిన ఘనురాలిని నేను. ఆ సంగతి అమ్మకీ తెలుసు. అయినా, "మా వాళ్లచేత," అంది గట్టిగా.

అమ్మ పట్టుదలకి కారణం లేకపోలేదు. ముప్పై ఏళ్లుగా ముందుగదిలో మిషన్ తొక్కుతూ వీధి వీధంతటికీ బట్టలు కుట్టింది. బిగుతైనవి వదులు చేసింది, వదులైనవి బిగించింది. ఎప్పుడూ ఎవరో ఒకరు కొలతలిచ్చేవాళ్లు, తను కుట్టేది. మొట్టమొదటిసారి లైబ్రరీ మేడమ్ వచ్చి, "మీకు ఎలా తోస్తే అలా చేయండి," అంది. సెలవుల ఆఖరి రోజున పిల్లలకి బొమ్మలాట వేస్తారట. అడవిలో జంతువులన్నీ కలిసి బడి పెట్టుకునే కథ. దానికోసం చేతికి తొడుక్కుని ఆడించే బొమ్మలు పదకొండు కావాలి. ఆ 'మీకు ఎలా తోస్తే అలా' అన్న మాట అమ్మ మనసులో గూడు కట్టుకుంది. నెలరోజులుగా ఒక పాత నోటుపుస్తకంలో జంతువుల బొమ్మలు గీసుకుంటోంది. ఎవరైనా వస్తే మూసేస్తోంది. అలాంటిది, ఇప్పుడు బజార్లో దొరుకుతాయంటే ఊరుకుంటుందా?

అయితే 'మా వాళ్లు' అన్న మాటలోనే ఒక చిక్కుంది. మా వాళ్లంటే నాన్న, అన్నయ్య, వదిన, నేను. నాన్న రైళ్లలో టికెట్ కలెక్టరుగా చేసి రిటైరయ్యాడు. అన్నయ్య పశువుల డాక్టరు. వాళ్లిద్దరికీ ఎనిమిది నెలలుగా మాటల్లేవు. కారణం ఒక మేక.

వేసవిలో అన్నయ్య, కాలు విరిగిన మేకనొకదాన్ని ఎవరినీ అడక్కుండా ఇంటికి తెచ్చి ముందుగది కిటికీకి కట్టేశాడు. ఆ కిటికీ పక్క బల్లమీద, నాన్న రిటైరైన రోజున తోటి ఉద్యోగులంతా సంతకాలు చేసిచ్చిన పెద్ద కాగితం ఉంది. ఫ్రేము కట్టించాలి, కట్టించాలి అనుకుంటూనే నాన్న రోజులు గడిపేశాడు. సాయంత్రానికి దాంట్లో మిగిలింది స్టేషన్ మాస్టరు సంతకంలో సగం. నాన్న ఆ ముక్క పట్టుకుని కొయ్యబారిపోయాడు. అన్నయ్య పరుగున వచ్చి మేక నోరు తెరిచి చూసి, "ఏం కాదులే నాన్నా, కాగితం అరిగిపోతుంది," అన్నాడు.

"ఇది ఇల్లా, పశువుల ఆసుపత్రా?" అని నాన్న అరిచాడు. "అయితే ఆసుపత్రి వేరే చోట పెట్టుకుంటాలే," అని అన్నయ్య అన్నాడు. నెల తిరక్కుండా అన్నయ్యా వదినా రెండు వీధుల అవతల అద్దెకి వెళ్లిపోయారు. మేక కూడా వాళ్లతోనే వెళ్లింది.

అప్పటినుంచి అన్నయ్య ఎప్పుడైనా ఇంటికొస్తే మాటలన్నీ అమ్మమీదుగా నడిచేవి. "మీవాడు బూట్లు గుమ్మంలో విడిచాడు, తియ్యమను," అనేవాడు నాన్న. "తీస్తున్నానని చెప్పమ్మా," అనేవాడు అన్నయ్య. ఇద్దరి మధ్యా దూరం నాలుగడుగులు.

మర్నాడు పొద్దున్నే వదిన వచ్చింది. ఆమె హైస్కూల్లో లెక్కల టీచరు, బడికి సెలవులు. చంకలో స్కేలు, కంపాసు, మూలమట్టం. అమ్మ నోటుపుస్తకం చూసి, "అత్తయ్యా, మీ కుందేలు చెవులు రెండూ సమానంగా లేవు," అంది.

"కుందేలు చెవులు ఎప్పుడు సమానంగా ఉన్నాయే?" అంది అమ్మ.

వదిన వినలేదు. మధ్యాహ్నానికల్లా మందపాటి ఉన్నిగుడ్డ మీద సుద్దముక్కతో సమద్విబాహు త్రిభుజాల చెవులతో ఒక కుందేలు, నిఖార్సయిన వృత్తంలో ఒక ఎలుగుబంటి తయారయ్యాయి. గాడిదని మాత్రం గీయనంది. కథలో గాడిద హెడ్మాస్టరట. "ఇది మా వృత్తినే అవమానించడం," అంది. "మీ హెడ్మాస్టరుని నేను చూశానులే, గియ్యి," అంది అమ్మ. వదిన నవ్వాపుకుంటూ గీసింది.

నాకు కత్తిరించడం, దూది కూరడం అప్పజెప్పారు. సూది నా దరిదాపుల్లోకి రాకుండా అమ్మ జాగ్రత్తపడింది.

నాలుగింటికి ఆసుపత్రి నుంచి అన్నయ్య వచ్చాడు. కుట్టు పని వాడిది. అమ్మ ఇచ్చిన సూదిని ఎగాదిగా చూసి పక్కనపెట్టి, తన సంచీలోంచి వంకర సూదీ, దాన్ని పట్టుకునే కత్తెరలాంటి పనిముట్టూ తీశాడు. ఏనుగుని బల్లమీద పక్కకి పడుకోబెట్టాడు. ఒక్కో కుట్టుకీ ఒక్కో ముడి. ముడి వేసి, దారం కత్తిరించి, మళ్లీ కొత్త ముడి.

"గొలుసుకుట్టు వెయ్యరా, నాలుగు నిమిషాల్లో అయిపోతుంది," అంది అమ్మ.

"గొలుసుకుట్టులో ఒకచోట తెగితే మొత్తం ఊడిపోతుందమ్మా. ఇన్‌ఫెక్షన్ వస్తే కష్టం," అన్నాడు వాడు.

"గుడ్డకి ఇన్‌ఫెక్షనా?" అన్నాను నేను. "పదిరోజుల తర్వాత కుట్లు విప్పడానికి ఏనుగుని మళ్లీ తీసుకురావాలా డాక్టరుగారూ?"

వాడికి వినపడలేదు. ఎడమచేత్తో ఏనుగు మెడ నిమురుతూ, "అయిపోయింది, అయిపోయింది, ఊరుకో," అంటున్నాడు. అలవాటు.

వరండాలో కూర్చున్న నాన్న పాడైన రేడియో విప్పుకుని బాగుచేస్తున్నట్టు నటిస్తున్నాడు. కళ్లు మాత్రం మా బల్ల మీదే. "ఏనుక్కి తొండం అక్కడ కాదుండేది. మీవాడికి చెప్పు," అన్నాడు.

"అది తోక అని చెప్పమ్మా," అన్నాడు అన్నయ్య.

"తోక అంత లావుంటుందా అని అడుగు."

"జీవితంలో ఎన్ని ఏనుగుల్ని చూశాడో అడుగమ్మా."

అమ్మ ఎడమచేత్తో బల్లమీద ఒక్క దెబ్బ వేసింది. సూదులడబ్బా ఎగిరింది. "నాకున్నది ఒక చెయ్యి, ఒక నోరు. నోరు బొమ్మల పనికి సరిపోవడం లేదు. ఇవాళ్టి నుంచి మీ ఇద్దరి మధ్య రాయబారానికి నేను రాజీనామా ఇస్తున్నాను. అమ్మాయ్, నువ్వు కూడా చెయ్యడానికి వీల్లేదు. కోడలా, నువ్వూ అంతే."

దాంతో ఇల్లు మూగబోయింది. రెండురోజులు నాన్న తన అభిప్రాయాలన్నీ రేడియోకి చెప్పుకున్నాడు. అన్నయ్య ఏనుక్కి చెప్పుకున్నాడు. తోక తోకలాగే, తొండంకంటే లావుగా మిగిలిపోయింది.

నాలుగోరోజుకి కుందేలు, ఏనుగు, ఎలుగుబంటి సిద్ధమయ్యాయి. పని ఎంతవరకు వచ్చిందో చూసిపోదామని లైబ్రరీ మేడమ్ వచ్చింది. కుందేల్ని చూసి ఆవిడ ముచ్చటపడింది. "అబ్బ, ఎంత బాగుందో!" అంటూ చెయ్యి దూర్చింది. ఆవిడ కాస్త భారీ మనిషి. చెయ్యి లోపలికైతే వెళ్లింది. బయటికి రాలేదు.

ముందు నవ్వింది. తర్వాత లాగింది. తర్వాత నేనూ వదినా చెరో చెవీ పట్టుకుని లాగాం. త్రిభుజాలు సాగాయి తప్ప కుందేలు కదల్లేదు.

"కత్తిరించేద్దాం," అంది వదిన.

"నా కుందేల్నా?" అంది అమ్మ.

"నా చెయ్యి వాచిపోతోందండీ," అంది మేడమ్.

అప్పుడే వచ్చాడు అన్నయ్య. పరిస్థితి చూడగానే చొక్కా చేతులు పైకి మడిచాడు. "అందరూ పక్కకి జరగండి. కొబ్బరినూనె, గోరువెచ్చని నీళ్లు తీసుకురండి," అన్నాడు. మేడమ్‌ని కుర్చీలో కూర్చోబెట్టి, కుందేలు అంచు లోపలికి రెండు వేళ్లతో నూనె రాశాడు. "ఊపిరి పీల్చుకోండి. లాగకండి. నేను చెప్పినప్పుడు వేళ్లన్నీ దగ్గరికి ముడవండి. ఆ, అలాగే, మంచితల్లి, అలాగే..."

"మేడమ్‌ని పట్టుకుని మంచితల్లి ఏంట్రా?" అని అమ్మ గసిరింది.

"క్షమించండి, అలవాటు. రోజూ చేసే పనే మేడమ్. నిన్న పొద్దున్న ఒక దూడని ఇలాగే..." అంటూ మెల్లగా తిప్పి ఒక్క లాగు లాగాడు. చప్పుడు చేసుకుంటూ చెయ్యి బయటికి వచ్చింది. కుందేలు క్షేమం, మేడమ్ క్షేమం.

వరండాలోంచి ఏదో చప్పుడైంది. చూస్తే నాన్న మోకాళ్ల మీద రేడియో పెట్టుకుని, దాన్ని రెండు చేతులా అదిమిపట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వుతున్నాడు. అన్నయ్య అటు చూడగానే ఠక్కున ఆపేసి స్క్రూడ్రైవర్ వెతుక్కున్నాడు.

తప్పెక్కడుందో అప్పుడు తెలిసింది. అమ్మ కొలతలన్నీ తన చేతివి. ఆడించబోయేవాళ్లేమో మేడమ్, లైబ్రరీకి రోజూ పేపరు చదవడానికి వచ్చే పెద్దమనుషులూ. అందరివీ పెద్ద చేతులు. బొమ్మలన్నీ పెద్ద చేతికి సరిపోవాలి. పూర్తయినవి పక్కలు విప్పి పట్టీలు వెయ్యాలి.

"ఇంట్లో పెద్ద చెయ్యి ఎవరిది?" అంది అమ్మ, తెలియనట్టు.

అందరం వరండా వైపు చూశాం. కదులుతున్న రైల్లో ఒంటిచేత్తో కమ్మీ పట్టుకుని ముప్పై నాలుగేళ్లు నిలబడ్డ చెయ్యి అది. పారలా ఉంటుంది.

"నాకు పనుంది," అన్నాడు నాన్న.

"ఆ రేడియో విప్పి ఆరు రోజులైంది. అందులో పాడేవాళ్లు కూడా ఇంటికెళ్లిపోయి ఉంటారు. రండి ఇలా," అంది అమ్మ.

అలా నాన్న మా బల్ల దగ్గరికి వచ్చాడు. పని తేలికే. చెయ్యెత్తి నిటారుగా కూర్చోవాలి. గుడ్డని తిరగేసి ఆ చేతికి తొడిగి, వేళ్లు ఆడేంత వదులు చూసుకుంటూ అన్నయ్య గుండుసూదులు గుచ్చుతాడు. ఆ గుర్తుల మీద కుడతాడు. ఇద్దరి ముఖాల మధ్యా దూరం ఇప్పుడు జానెడు. నాన్న గోడ గడియారాన్ని చూశాడు. అన్నయ్య గుండుసూదుల్ని చూశాడు. సింహం అయింది, నక్క అయింది, తాబేలు అయింది. మాట మాత్రం పెగల్లేదు.

తర్వాతది గాడిద. అన్నయ్య మెడ దగ్గర గుచ్చుతుంటే సూది జారింది. నాన్న ముఖం వంకరపోయింది. అమ్మ వైపు తిరిగి, "మీవాడికి..." అన్నాడు. అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తోంది. నా వైపు తిరిగాడు. నేను దూదిలో తల దాచుకున్నాను. వదిన వైపు తిరిగాడు. వదిన స్కేలుతో బల్ల పొడవు కొలుస్తోంది.

కాసేపటికి గాడిద మెల్లగా తల తిప్పి అన్నయ్య ముఖంలోకి చూసింది.

"గుచ్చుకుంటోంది," అంది.

గొంతు నాన్నదే. మార్చడానికి కూడా ప్రయత్నించలేదు. నాన్న మాత్రం ఇంకా గడియారం వైపే చూస్తున్నాడు.

అన్నయ్య చేతులు ఆగిపోయాయి. గాడిదని చూశాడు. కళ్లు కూడా లేని ఒట్టి గుడ్డ అది.

"ఎక్కడ?" అన్నాడు, దాన్నే.

"మెడ కింద. కొంచెం ఎడంపక్క."

"ఇప్పుడు?"

"ఇప్పుడు ఫరవాలేదు."

వదిన స్కేలు కొలుస్తూ కొలుస్తూ బల్ల అంచు దాటిపోయింది. అమ్మ కిటికీ వైపునుంచి తల తిప్పలేదు.

అన్నయ్య ఇంకో రెండు సూదులు గుచ్చాడు. గాడిద గొంతు సవరించుకుంది.

"ఆ మేక ఎలా ఉంది?"

"బాగానే ఉంది. కాలు అతుక్కుంది. ఈనింది కూడా. రెండు పిల్లలు."

"ఊఁ."

తర్వాత గాడిద తల కొద్దిగా వంచింది. "ఆ రోజు నువ్వు దాని అరుగుదల గురించి మాట్లాడావు. నా గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు."

నేను దూది కూరడం ఆపేశాను. అన్నయ్య చేతిలో గుండుసూది అలాగే ఉంది. వాడు చాలాసేపు గాడిద చెవులు సర్దాడు. అవి సర్దుకునే ఉన్నాయి.

"తప్పే," అన్నాడు చివరికి. "అప్పుడు తోచలేదు. రాత్రికి తోచింది. అప్పటికే మాటామాటా అనుకున్నాం."

"అడక్కుండా తెచ్చావు."

"అడిగితే వద్దంటావని."

"వద్దనేవాణ్ణే," అంది గాడిద. "అయినా అడగాలి."

"ఊఁ," అన్నాడు అన్నయ్య. "చెయ్యి కొంచెం పైకెత్తు."

గాడిద పైకి లేచింది. అన్నయ్య ఇంకో సూది గుచ్చాడు. అమ్మ అప్పుడు ఇటు తిరిగి, "చీకటి పడకముందే జీబ్రా కూడా అవ్వాలి, ముచ్చట్లు కట్టిపెట్టండి," అంది.

అప్పటినుంచి పని పరుగందుకుంది. చేతికి ఏ జంతువు ఉంటే ఆ జంతువే మాట్లాడేది. "అద్దింట్లో వాన కురిస్తే కారుతోందట?" అని జీబ్రా ఆరా తీసింది. "సన్నబడ్డావు, భోజనం వేళకి తినవు," అని కోతి కోప్పడింది. మొసలి, ఏనుగు తోక గురించి పాత అభిప్రాయాన్ని మళ్లీ వెల్లడించింది. "అయితే నువ్వే కుట్టుకో," అన్నాడు అన్నయ్య మొసలితో. మొసలి నిజంగానే కుడతానంది. ఆ సాయంత్రం మా నాన్న జీవితంలో మొదటిసారి సూదిలో దారం ఎక్కించాడు. ఇరవై రెండోసారికి ఎక్కింది. ఇంట్లో అందరం చప్పట్లు కొట్టాం. తోక మాత్రం సన్నబడింది. పాపం, వంకర కూడా తిరిగింది.

అసలైన ఘనకార్యం కళ్ల విషయంలో చేశాడు. గుండ్రంగా, చిన్నగా నల్లతోలు ముక్కలు కత్తిరించడం నా వల్ల కాలేదు. కోడిగుడ్లూ, కందిగింజలూ వచ్చాయి తప్ప కనుపాపలు రాలేదు. నాన్న లేచి బీరువా పైన వెతికి, గుడ్డలో చుట్టి దాచిన, టికెట్లకి చిల్లులు కొట్టే పనిముట్టు పట్టుకొచ్చాడు. పాత చెప్పు తోలు మీద టక్, టక్, టక్. రాలిన ముక్కలు ఒక్కటొక్కటీ అచ్చు గుద్దినట్టు ఒకే సైజు. "ఇరవై రెండు చాలు మామయ్యగారూ," అని వదిన అంటున్నా వినకుండా నూటయాభై కొట్టాడు. "రిజర్వులో ఉండనీ," అన్నాడు. అన్నయ్య ముడులు, వదిన త్రిభుజాలు, నాన్న కనుపాపలతో పదకొండు జంతువులూ బల్లమీద బారుగా కూర్చుని అమ్మని చూశాయి. అమ్మ ఎడమచేత్తో ఒక్కొక్కదాన్నీ ఎత్తి, తిరగేసి, కుట్లు తడిమింది.

"నేను అనుకున్నట్టు ఒక్కటీ లేదు," అంది. "బాగున్నాయి."

ఆట రోజున లైబ్రరీ హాలు కిక్కిరిసిపోయింది. నేను గోడకానుకుని నిలబడ్డాను. పేపరు చదివే పెద్దమనుషులు తెర వెనక దూరి జంతువులైపోయారు. గాడిద హెడ్మాస్టరు హాజరు పిలుస్తుంటే పిల్లలు పడీపడీ నవ్వారు. మధ్యలో ముందు వరసలోని ఒక పిల్ల తెర దగ్గరికి పరుగెత్తి, ఏనుగు తొండం పట్టుకుని వేలాడింది. మేడమ్ కెవ్వుమంది. తొండం ఊడలేదు. ఒక్క కుట్టు కదల్లేదు. అన్నయ్య నా పక్కకి వంగి, "ఇప్పుడు చెప్పు గొలుసుకుట్టు గురించి," అన్నాడు. ముందు వరసలో నాన్న పక్కాయనకి, ఆ పక్కాయనకి, ఆయన వెనకాయనకి చెప్తున్నాడు: "ఆ గాడిదకి కొలత నా చెయ్యే."

చివర్లో మేడమ్ అమ్మని ముందుకి పిలిచింది. అమ్మ పిండికట్టు చెయ్యి పట్టుకుని నిలబడి, ఏం మాట్లాడాలో తెలియక, "వచ్చే ఏడాది చేపలు చేస్తాను," అని వచ్చి కూర్చుంది.

మర్నాడు ఆదివారం. పదింటి బస్సుకి నేను హాస్టల్‌కి వెళ్లిపోవాలి. నన్ను సాగనంపడానికి అన్నయ్యా వదినా వచ్చారు. జంతువులన్నీ లైబ్రరీలో అద్దాల బీరువాలో ఉండిపోయాయి. పన్నెండు రోజులుగా గుడ్డముక్కలతో, దూదితో నిండిపోయిన బల్ల ఖాళీగా ఉంది. దానికి ఒకవైపు నాన్న, ఒకవైపు అన్నయ్య కూర్చున్నారు.

ఎవరి చేతికీ ఏమీ లేదు.

నాన్న బల్ల మీద లేని దుమ్ము తుడిచాడు. అన్నయ్య గోళ్లు చూసుకున్నాడు. జాలిపడి ఏదో అనబోయిన వదిన కాలుని అమ్మ బల్లకింద తొక్కింది. నాకు బస్సు వేళవుతోంది గానీ లేవబుద్ధి కాలేదు.

నాన్న రెండుసార్లు దగ్గాడు. "టీ తాగుతావా?" అన్నాడు.

అన్నయ్య వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు. "నన్నేనా?"

"మరి కుర్చీనా?"

"తాగుతాను నాన్నా."

అమ్మ చెయ్యి సంగతి గుర్తొచ్చి నేను లేవబోయాను. నాన్న చేత్తో వారించి తనే వంటింట్లోకి వెళ్లాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన పొయ్యి వెలిగించగా నేను చూడలేదు. డబ్బాల మూతలు ఒక్కొక్కటే తెరుచుకున్న చప్పుడు, ఏదో కిందపడిన చప్పుడు, "ఏం కాలేదు!" అన్న కేక వరసగా వినిపించాయి. అమ్మ కళ్లు మూసుకుని కూర్చుంది. ఇరవై నిమిషాలకి నాన్న రెండు చేతులతో ఒక కప్పు పట్టుకుని వచ్చాడు. నలుగురికని పెట్టింది మరిగి మరిగి ఒక్క కప్పు అయిందట. రంగు చూస్తే బూట్లకి రాసుకోవచ్చనిపించింది.

అన్నయ్య ఒక గుటక వేశాడు. వాడి కనుబొమ్మలు రెండూ పైకెళ్లి కాసేపు అక్కడే ఉండిపోయాయి. కానీ మధ్యలో దించకుండా, అడుగున ఉన్న పొడితో సహా తాగేశాడు.

"ఎలా ఉంది?" అన్నాడు నాన్న.

"బాగుంది. ఇంకో కప్పుందా?"

"లేదు. పెడతాను," అంటూ నాన్న అప్పటికే సగం వంటింట్లో ఉన్నాడు. "ఈసారి పాలు కూడా పోస్తాను!" అని అక్కణ్ణుంచి కేకేశాడు.

నా బస్సు వెళ్లిపోయింది. ఎవరికీ పట్టలేదు, నాక్కూడా.